కొనకుండా కూర్చునే చోటు ఇవ్వండి: పురపాలక శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ అధికారులకు,

నమస్కారం.

హైదరాబాద్‌లో కొత్త మాల్‌కో, ముప్పై అంతస్తుల వాణిజ్య భవనానికో అనుమతి ఇచ్చే ముందు మీ శాఖ చాలా ప్రశ్నలు అడుగుతుంది. ముందున్న రోడ్డు ఎన్ని అడుగులు, చుట్టూ ఎంత జాగా వదిలారు, ఎన్ని కార్లు పడతాయి, ఫైరింజన్ తిరగడానికి దారి ఉందా, వాన నీరు ఇంకడానికి గుంత తవ్వారా అని. అన్నీ అడగాల్సినవే. వాటికి ఇంకొకటి చేర్చమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఏమీ కొనని మనిషి ఆ భవనం దగ్గరికి వస్తే కూర్చోవడానికి చోటుందా? నలుగురు కూడి తమ బస్తీ సంగతో, ప్రభుత్వం సంగతో మాట్లాడుకుంటుంటే వాళ్లను లేవమనే అధికారం ఎవరికి, ఏ కారణంతో ఉంది? అది ఎక్కడైనా రాసి ఉందా?

ఇది చిన్న కోరికలా కనిపించవచ్చు. నాకు మాత్రం వీధి దీపం, మంచినీటి పైపు అంత అవసరమైనదిగా అనిపిస్తుంది.

హైదరాబాద్‌లో రాజకీయం, కవిత్వం, సినిమా, యూనియన్ పని, అన్నీ చాలావరకు హోటల్ బల్లల మీదే నడిచాయి. అబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ ఉన్న రోజుల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు, నాయకులు, పత్రికల వాళ్లు అక్కడ గంటలకొద్దీ కూర్చునేవారు. ఇప్పుడు ఆ హోటల్ లేదు. లక్డీకాపూల్ ద్వారకా హోటల్‌లో తెలుగు కవుల అడ్డా ఏళ్లకేళ్లు సాగింది. సికింద్రాబాద్ నుంచి చార్మినార్ దాకా ప్రతి పెద్ద కూడలి మూలమీద ఒక ఇరానీ హోటల్ ఉండేది. పాలరాతి బల్లలు, చెక్క కుర్చీలు, గోడకు అద్దాలు. వన్ బై టూ చాయ్ చెప్పి ఇద్దరు మనుషులు పొద్దంతా కూర్చున్నా ఎవరూ ఏమనేవారు కాదు. ఒకే పేపర్ పది చేతులు మారేది. తెలియని మనిషి ఎదురుగా వచ్చి కూర్చుని, మీరు చదువుతున్న వార్త మీద తన మాట చెప్పేవాడు. పిలవకుండానే వచ్చి మాట కలిపే ఆ అపరిచితుడే ఆ చోటుకు ప్రాణం. మనలాగే ఆలోచించే మిత్రులతో మాట్లాడుకోవడానికి ఇల్లు చాలు. మనకు తెలియని మనిషి, మనం ఒప్పుకోని మాట ఎదురుపడాలంటే ఇంటి బయట ఒక చోటు కావాలి.

అది అందరి చోటు కాదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. ఇరానీ హోటల్ ముందు గదిలో ఆడవాళ్లు కూర్చోవడం అరుదు. ఉంటే గింటే వెనక ఒక ఫ్యామిలీ రూమ్. ఊళ్లలోనైతే పరిస్థితి ఇంకా ఘోరం. రచ్చబండ మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కింద నిలబడాలో కులమే నిర్ణయించింది. టీ హోటల్ వచ్చాక డబ్బులిచ్చిన వాడికి చాయ్ దక్కింది కానీ, దళితులకు వేరే గ్లాసు పెట్టే పద్ధతి దశాబ్దాలు నడిచింది. ఆ గ్లాసు మీద కొట్లాడినవాళ్లు చాయ్ కోసం కొట్లాడలేదు, నలుగురితో సమానంగా కూర్చునే హక్కు కోసం కొట్లాడారు. వ్యాపార స్థలం యజమాని సొంత వ్యవహారం మాత్రమే కాదని మన సమాజానికి నేర్పింది వాళ్లే.

రాజ్యాంగం ఆ సంగతిని స్పష్టంగా రాసుకుంది. దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి రాకుండా మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు పేరుతో ఏ పౌరుణ్నీ అడ్డుకోకూడదని 15వ అధికరణం రెండో క్లాజు చెబుతుంది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అన్న జాబితాతో పాటే దుకాణాన్నీ చేర్చారు. ఆ క్లాజు మాట్లాడే హక్కు గురించి కాదని నాకు తెలుసు. కానీ జనం కోసం తలుపు తెరిచిన చోటును సొంత ఇంటి పడకగదిలా చూడడానికి వీల్లేదని మన గణతంత్రం మొదటి రోజే తీర్మానించుకుంది. మిగతాది ఆ పునాది మీద కట్టుకోవాల్సిన పని.

ఇప్పుడు ఈ నగరంలో జరుగుతున్నది చూడండి. ఇరానీ హోటళ్లు ఒకటొకటిగా పోతున్నాయి. కారణం దాచిపెట్టినదేమీ కాదు. మూల మీది జాగా ధర ఆకాశంలో ఉంది, చాయ్ ధర నేల మీదే ఉంది. వాటి స్థానంలో వచ్చిన కెఫేలో ఒక కాఫీ ఖరీదు ఇరానీ చాయ్‌కి పది రెట్లకు పైనే. ఫుట్‌పాత్ మీది టీ బండ్లు మిగిలాయి. అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు సాయంత్రం వచ్చి చూడండి. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పగలంతా చదివిన ఉద్యోగార్థులు ఆ బండ్ల దగ్గరే నిలబడి గ్రూప్-1 నోటిఫికేషన్ మొదలుకొని రిజర్వేషన్ రోస్టర్ దాకా చీల్చి చెండాడుతుంటారు. రాష్ట్రంలో అంత శ్రద్ధగా జీవోలు చదివి చర్చించే చోటు ఇంకొకటి ఉంటుందని నేననుకోను. 2024 అక్టోబర్‌లో గ్రూప్-1 అభ్యర్థుల ఆందోళన ఆ వీధుల్లోనే రాజుకుంది. కానీ అక్కడ కుర్చీ లేదు, నీడ లేదు, వాన వస్తే నిలబడే చూరు లేదు, ఆడపిల్లలకు టాయిలెట్ లేదు. ట్రాఫిక్ పేరుతోనో, ఆక్రమణల తొలగింపు పేరుతోనో ఆ బండిని ఏ రోజైనా ఎత్తేయవచ్చు. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో కేంద్ర చట్టం వచ్చినా బండి యజమాని గుండెల్లో ఆ భయం పోలేదు.

నిరసనకు చోటు గురించి ఈ నగరంలో కొంతైనా కొట్లాట జరిగింది. ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌ను 2017లో అప్పటి ప్రభుత్వం మూసేస్తే పార్టీలు, సంఘాలు ఏకమై నిలబడ్డాయి, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. నేను అడుగుతున్నది దానికి ముందు మెట్టు. ధర్నాకు వెళ్లాలా వద్దా అని మనుషులు ఒకరినొకరు అడిగి తేల్చుకునే చోటు. పది మందికి అర్థం కాని జీవోను పదకొండో మనిషి విప్పి చెప్పే చోటు. దానికోసం ఏ పార్టీ కొట్లాడదు, ఎందుకంటే అది ఏ పార్టీకీ సొంతం కాదు.

అయితే నేను మాల్స్‌కు వ్యతిరేకిని కాదు. 2009లో మాదాపూర్‌లో ఇనార్బిట్, ఆ తర్వాత కూకట్‌పల్లిలో, కొండాపూర్‌లో వరసగా పెద్ద మాల్స్ వచ్చాక ఈ నగరంలో ఒక మార్పు జరిగింది. దాన్ని మా తరం మగవాళ్లు సరిగ్గా గమనించలేదు. ఆడపిల్లలు ఒక సాయంత్రం పూట, ఇంట్లో పెద్దగా వాదన లేకుండా, నలుగురు స్నేహితురాళ్లతో మూడు గంటలు గడపగలిగే మొదటి చోటు చాలామందికి మాలే. అక్కడ వెలుతురు ఉంది, శుభ్రమైన టాయిలెట్ ఉంది, ఎగాదిగా చూసేవాడు ఉంటే పిలవడానికి గార్డు ఉన్నాడు. వీల్‌చెయిర్‌కు ర్యాంపు, లిఫ్టు ఉన్నాయి. మే నెలలో చల్లగా కూర్చోవాలంటే పెద్దవాళ్లకు కూడా అదే దిక్కు. మన పార్కులు, లైబ్రరీలు, కమ్యూనిటీ హాళ్లు ఇవ్వలేనిది వ్యాపారం ఇచ్చింది. అందుకే జనం అక్కడికి వెళ్తున్నారు. జనం అక్కడికి వెళ్లారు కాబట్టే ఊరి మాట కూడా అక్కడికి వెళ్లాలి.

కానీ అక్కడ కూర్చోవడానికి బెంచీలు తగ్గుతున్నాయి. ఉన్నవి ఫుడ్ కోర్టులోనే, ట్రే ముందు ఉన్నవాళ్లకే. మా ఇంటికి దగ్గర్లో ఉండే ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు తమ కాలేజీ దారిలో బస్సు ట్రిప్పులు పెంచమని ఆర్టీసీకి ఇచ్చే అర్జీ మీద సంతకాలు సేకరించాలనుకున్నారు. ఒక మాల్ బయట మెట్ల దగ్గర నిలబడ్డారు. అరుపుల్లేవు, బ్యానర్ లేదు, చేతిలో ఒక అట్ట, పెన్ను. గార్డు వచ్చి పర్మిషన్ ఉందా అన్నాడు. ఎవరి దగ్గర తీసుకోవాలంటే అతనికీ తెలియదు. పంపించేశారు. అవే మెట్ల పక్కన క్రెడిట్ కార్డు అమ్మే కుర్రాళ్లు దారిన పోయే ప్రతి మనిషినీ ఆపుతూనే ఉన్నారు.

మా చదువరుల బృందానికి ఒక కెఫేలో ఇలాంటిదే ఎదురైంది. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక, చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దు), దాని చుట్టూ కట్టడాలు ఉండకూడని బఫర్ జోన్ గురించి ఊరంతా టెన్షన్ పడుతున్న రోజులవి. మాలో ఒకాయన ఇల్లు చెరువుకు దగ్గర్లో ఉంది, ఇంకొకరు చెరువుల పరిరక్షణ కోసం ఏళ్లుగా తిరుగుతున్న మనిషి. ఇద్దరి మాటా గట్టిదే. వాదన సాగుతుండగా మేనేజర్ వచ్చి, "సర్, ఇక్కడ పాలిటిక్స్ మాట్లాడొద్దు, కస్టమర్లు ఫీలవుతారు" అన్నాడు. మేమూ కస్టమర్లమే, బిల్లు కట్టాం. ఆ నియమం ఎక్కడ రాసి ఉంది బాబూ అని అడిగితే, ఓనర్ చెప్పారు సర్ అన్నాడు. పక్క బల్ల దగ్గర ఫ్లాట్ అమ్మకం మాట్లాడుకుంటున్న వాళ్ల గొంతు మా కన్నా పెద్దగానే ఉంది. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. అతను మర్యాదగానే చెప్పాడు, అతని కళ్లలో భయం కనిపించింది. చెరువు పక్కన ఇల్లున్న మనిషి, చెరువును కాపాడాలనే మనిషి ఒక బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోగలగడం ఆ రోజుల్లో ఈ ఊరికి ఎంత అవసరమో, ఆ భయానికి తెలియదు.

ఆ భయం గురించి మీ శాఖ ఆలోచించాలి. ఎందుకంటే అది యజమానుల్లో ఊరికే పుట్టలేదు.

ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ 1675 డిసెంబర్ చివర్లో కాఫీ హౌసులన్నీ మూసేయమని ప్రకటన చేశాడు. అక్కడ కూర్చుని జనం ప్రభుత్వం గురించి పుకార్లు పుట్టిస్తున్నారన్నది అభియోగం. లండన్‌లో ఎంత గగ్గోలు పుట్టిందంటే, అమలు కావాల్సిన రోజు రాకముందే జనవరిలో వెనక్కి తీసుకున్నాడు. మన దేశంలో ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో, ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లోని ఇండియన్ కాఫీ హౌస్‌ను కూలగొట్టారు. రాజకీయ నాయకులు, జర్నలిస్టులు, విద్యార్థులు చేరే చోటు అది. అంతకు ఇరవై ఏళ్ల ముందు కాఫీ బోర్డు ఆ హౌసులను మూసేస్తుంటే, కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ అండతో కార్మికులే సహకార సంఘాలు పెట్టుకుని 1957 నుంచి వాటిని నడిపించారు. కార్మికులు కాపాడుకున్న ఆ చోటు బుల్డోజర్ ముందు నిలవలేదు. ఇవి పాత కథలని అనుకుంటే, 2025 మార్చిలో ముంబయి ఖార్‌లో హాబిటాట్ స్టూడియో సంగతి చూడండి. అక్కడ ఒక కమెడియన్ చేసిన షోలోని మాటలు నచ్చని ఒక పార్టీ కార్యకర్తలు వెళ్లి హాలును ధ్వంసం చేశారు. మరుసటి రోజు మున్సిపల్ సిబ్బంది సుత్తెలు పట్టుకుని అదే హాలుకు వచ్చారు. దెబ్బతిన్నది మాట్లాడిన మనిషి కన్నా ఎక్కువగా చోటు ఇచ్చిన మనిషి.

ఇది చూసిన హైదరాబాద్ కెఫే యజమాని ఏమనుకుంటాడు? నాకెందుకొచ్చిన గొడవ అనుకుంటాడు. లైసెన్సు, ఫైర్ ఎన్‌ఓసీ, ట్రేడ్ ఫీజు, బోర్డు సైజు, పార్కింగ్, ఏదో ఒక లోపం వెతకాలంటే ప్రతి హోటల్‌లోనూ దొరుకుతుంది. కాబట్టి అతను ముందే జాగ్రత్తపడతాడు. ఎవరూ ఆదేశం ఇవ్వనక్కర్లేదు, గొంతు దానంతట అదే తగ్గుతుంది. ఇక్కడే నా మొదటి కోరిక. తమ దగ్గర కూర్చున్న కస్టమర్లు చట్టం లోపల ఏం మాట్లాడుకున్నా ఆ ఒక్క కారణంతో యజమాని మీద లైసెన్సుపరమైన చర్య ఉండదని, ఒక సభ వార్తల్లోకి వచ్చిన వారంలో ఆ స్థలం మీద తనిఖీ చేయాల్సి వస్తే పై అధికారి కారణం రాసి సంతకం చేయాలని మీ శాఖ ఒక సర్క్యులర్ ఇవ్వాలి. దీనికి డబ్బు ఖర్చు లేదు. చట్టసభ అవసరం లేదు. ఒక పేజీ కాగితం చాలు.

రెండో కోరిక మాల్స్ గురించి. మాల్ ప్రైవేటు ఆస్తి, అక్కడ ప్రభుత్వం షరతులు పెట్టలేదని మీలో కొందరు అనవచ్చు. 2018 మార్చిలో జీవో 63 ఇచ్చింది మీ శాఖే. మాల్స్, మల్టీప్లెక్సుల్లో ఏమీ కొనకపోయినా మొదటి 30 నిమిషాలు పార్కింగ్ ఉచితం అన్నారు. గంట దాకా ఏదైనా బిల్లు చూపిస్తే చాలన్నారు. యాజమాన్యాలు గొణిగాయి, పాటించాయి. వ్యాపారమేమీ మునిగిపోలేదు. ఏమీ కొనకుండా అరగంట నిలిచే హక్కు బండికి ఇచ్చారు. ఆ హక్కు మనిషికీ ఇవ్వమంటున్నాను.

చోటు ఎక్కడ నుంచి వస్తుందంటే, అదీ మీ నిబంధనల్లోనే ఉంది. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం బహుళ అంతస్తుల భవనం కట్టే స్థలంలో, భవనం చుట్టూ వదిలే సెట్‌బ్యాక్‌లు కాకుండా, కనీసం 10 శాతం పచ్చదనానికో పిల్లల ఆటకో ఖాళీగా ఉంచాలి. ఒక ఆదివారం మీరే వెళ్లి ఆ పది శాతం ఎక్కడుందో వెతకండి. కొన్ని చోట్ల గోడ వెనక సన్నటి గడ్డి పట్టీగా ఉంటుంది. కొన్ని చోట్ల పూలకుండీల వరస. రోడ్డు మీది మనిషికి అది కనిపించదు, కనిపించినా అందులోకి దారి ఉండదు. వాణిజ్య భవనాల విషయంలో ఆ పది శాతంలో సగమైనా రోడ్డు వైపు, గేటు లేకుండా, నీడతో, వీపు ఆనించుకునే బెంచీలతో, తాగునీటితో, టాయిలెట్‌కు దారితో ఉండాలని సవరణ తేవచ్చు. వెలుపల ఒక బోర్డు ఉండాలి: ఇది అందరూ కూర్చోగల చోటు, వేళలు ఇవి, మైకు వాడకూడదు, మాట్లాడుకోవచ్చు, కరపత్రం ఇవ్వొచ్చు, సంతకాలు సేకరించవచ్చు అని. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో.

ఇలాంటి బేరం కొత్తది కాదు. న్యూయార్క్ నగరం 1961లోనే తన నిబంధనల్లో, జనానికి చౌరస్తా లాంటి ఖాళీ జాగా వదిలితే బిల్డర్ అదనపు అంతస్తు వైశాల్యం కట్టుకోవచ్చని రాసింది. అలా 1968లో ఒక ఉక్కు కంపెనీ భవనం కోసం వచ్చిందే ఇప్పటి జుకోటీ పార్కు. ప్రైవేటు ఆస్తే, కానీ ఒప్పందం ప్రకారం 24 గంటలూ తెరిచి ఉండాలి. 2011 సెప్టెంబర్‌లో ఆర్థిక అసమానతల మీద నిరసనకు దిగిన ఆక్యుపై వాల్‌స్ట్రీట్ వాళ్లు అక్కడ చేరితే, మిగతా పార్కులకు ఉండే రాత్రి వేళ నియమం దానికి వర్తించకపోవడం వల్ల వెంటనే ఖాళీ చేయించలేకపోయారు. దాదాపు రెండు నెలల తర్వాత, నవంబర్ 15న పోలీసులు ఖాళీ చేయించారు. ఒప్పందంలో ఏం రాశామన్నది ఎంత ముఖ్యమో దాన్నిబట్టి తెలుస్తుంది. మనమేమో 2006లో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితే, అంటే స్థలాన్ని బట్టి మొత్తం ఎంత వైశాల్యం కట్టొచ్చన్న హద్దే ఎత్తేశాం. రోడ్డు వెడల్పును బట్టి, సెట్‌బ్యాక్‌ను బట్టి ఎంత ఎత్తైనా కట్టుకోమన్నాం. అంత పెద్ద వరం ఇచ్చేటప్పుడు జనం కోసం ఒక బెంచీ అడగలేకపోయాం.

కాలిఫోర్నియాలో శాన్ హోసే పక్కన కాంప్‌బెల్ అనే ఊరుంది. ఇవాళ ఆ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి ప్రూన్‌యార్డ్ షాపింగ్ సెంటర్‌లో కొందరు హైస్కూల్ పిల్లలు చిన్న బల్ల వేసుకుని ఐక్యరాజ్యసమితి తీర్మానం ఒకదానికి వ్యతిరేకంగా సంతకాలు సేకరిస్తుంటే గార్డు వెళ్లిపొమ్మన్నాడు, మాల్ మెట్ల దగ్గర ఆ డిగ్రీ అమ్మాయిలకు చెప్పినట్టే. పిల్లలు కోర్టుకు వెళ్లారు. 1980లో అమెరికా సుప్రీంకోర్టు, రాష్ట్ర రాజ్యాంగం పౌరులకు ఆ హక్కు ఇస్తే మాల్ యజమాని ఆస్తి హక్కుకు భంగం ఏమీ లేదని, వేళలు, చోటు, పద్ధతి గురించి సహేతుకమైన నియమాలు మాల్ పెట్టుకోవచ్చని తేల్చింది. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆ దారిన నడవలేదు. నడిచిన చోట మాల్స్ మూతపడలేదు.

మన సుప్రీంకోర్టు 1972లోనే, అహ్మదాబాద్‌కు చెందిన హిమ్మత్‌లాల్ షా కేసులో, రోడ్ల మీద సభలను క్రమబద్ధం చేయవచ్చు కానీ అధికారి ఇష్టం వచ్చినట్టు నిరాకరించడానికి వీల్లేదని చెప్పింది. రోడ్డు గురించి చెప్పిన ఆ సూత్రం నాకు చాలా నచ్చుతుంది. నియమం ఉండనివ్వండి, అది రాసి ఉండాలి, అందరికీ ఒకటే అయి ఉండాలి. మాల్ మెట్ల దగ్గర ఆ అమ్మాయిలు కోరింది కూడా అదే. క్రెడిట్ కార్డుకు ఒక నియమం, బస్సు అర్జీకి ఒక నియమం ఉండకూడదు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ప్రభుత్వం చేతిలో ఉన్నవాటితోనే. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మెట్రో పేరుతో వచ్చిన మాల్స్ ఒప్పందం కింద ప్రభుత్వం ఇచ్చిన భూమి మీద నిలబడ్డాయి. ఆ భూమి మనందరిది. మెట్రో స్టేషన్ల కింద, పైన ఖాళీగా పడి ఉన్న అంతస్తులు ఎన్నో ఉన్నాయి. స్టేషన్‌కో గది, ఇరవై కుర్చీలు, ఫ్యాన్లు, గంటకు నామమాత్రపు రుసుము, ముందు అడిగిన వారికి ముందు. మున్సిపల్ వాణిజ్య సముదాయాల్లోనూ అంతే. లైబ్రరీల సంగతి కూడా ఇక్కడే ప్రస్తావించాలి. మేం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో పుట్టిన రోజుల్లో లైబ్రరీ అంటే పుస్తకాల బీరువా మాత్రమే కాదు, ఉపన్యాసాలు, సభలు, వాదోపవాదాలు నడిచే చోటు. ఆ పైసలతో ప్రతి శాఖా గ్రంథాలయంలో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఒక చర్చా గది నడపలేమా? బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, 2010లో బంజారాహిల్స్‌లో మొదలైన లామకాన్ లాంటి సభా వేదికలు ఊరి బరువంతా ఎంతకాలం మోస్తాయి? ఉప్పల్‌లోనో, మియాపూర్‌లోనో ఉండే మనిషి రెండు గంటల మాట కోసం రెండు గంటలు ప్రయాణం చేయాల్సి వస్తోంది.

జనం మాట్లాడుకుంటే గొడవలవుతాయన్న భయం మీకుంటే, ప్రసాద్స్ మల్టీప్లెక్స్ గేటు దగ్గరికి ఒక శుక్రవారం ఉదయం వెళ్లండి. ఆట వదలగానే యూట్యూబ్ మైకుల ముందు ఆటో డ్రైవర్ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి దాకా నిలబడి కోట్ల రూపాయల సినిమాను, పెద్ద పెద్ద హీరోలను నిర్భయంగా విమర్శిస్తారు. పక్కవాడు కాదంటాడు. అభిమానులు మండిపడతారు. ఒకరి మాట ఒకరు వింటారు, ఇంటికి పోతారు. మాల్ ఆట్రియంలో సినిమా ప్రమోషన్ జరిగితే వేల మంది వస్తారు, బయట రోడ్డు జామవుతుంది, పోలీసులు వచ్చి సర్దుతారు. ఆ శబ్దాన్ని ఈ ఊరు భరిస్తుంది. బస్సు ట్రిప్పుల గురించి, చెరువు గురించి, స్కూల్ ఫీజుల గురించి పది మంది మాట్లాడుకునే శబ్దం అంతకన్నా పెద్దదేమీ కాదు.

మాల్స్, కెఫేల యజమానులకు కూడా రెండు మాటలు. మంగళవారం, బుధవారం మధ్యాహ్నం మీ బల్లల్లో సగం ఖాళీ. ఆ వేళల్లో ఒక మూల ఇవ్వండి, మనిషికి ఒక చాయ్ చొప్పున కొనమనండి, మేం సంతోషంగా కొంటాం. సభ కాదు, మైకు ఉండదు, జెండా ఉండదు. ఒక్కటే కోరిక: ఏం మాట్లాడాలో మీరు చెప్పొద్దు. ఎంతసేపు, ఎంత గొంతుతో అన్నది చెప్పండి, గోడ మీద రాసి పెట్టండి, పాటిస్తాం. మీకు ఇబ్బంది వస్తే మీ పక్కన నిలబడే మొదటి మనుషులు కూడా ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లే అవుతారు. మూతపడ్డ ఏ ఇరానీ హోటల్ గురించైనా ఈ ఊరు ఇప్పటికీ ఎలా మాట్లాడుకుంటుందో మీరూ వినే ఉంటారు.

పురపాలక శాఖ అధికారులకు చివరిగా ఒక విన్నపం. భవన నిబంధనల సవరణకు ముసాయిదా తయారుచేస్తే దాన్ని తెలుగులో ప్రచురించండి, అభ్యంతరాలకు కనీసం 30 రోజులు ఇవ్వండి, బహిరంగ విచారణ పెట్టండి. విచారణ సచివాలయంలో పెడితే గేట్ పాస్ కోసమే సగం రోజు పోతుంది. మెట్రో మాల్స్‌లో ఒకదాని కింది అంతస్తులో, సాయంత్రం పూట పెట్టండి. షాపింగ్‌కు వచ్చినవాళ్లు, అక్కడ పనిచేసే సేల్స్ అమ్మాయిలు, గార్డులు, బయట టీ బండి నడిపే అతను కూడా వచ్చి మాట్లాడే వీలుంటుంది. మా బృందం తరఫున ఈ లేఖలోని ప్రతిపాదనలను నిబంధనల భాషలో రాసి తీసుకొస్తాం.

ఇట్లు,
చిక్కడపల్లి నుంచి ఒక చదువరి